గుప్పెడు కొసరు

కిందటి వారం మనం అత్తగారిని ముందుగది గుమ్మంలో, చేతిలో చీపురుతో, నోట మాట లేకుండా నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. అరవై దాటిన మనిషిని వారం పాటు అలా నిలబెట్టడం మర్యాద కాదు. అందుకని ఈసారి ముందుగా ఆవిడ సంగతే చూద్దాం.

జరిగింది మరిచిపోయిన వాళ్ళకీ, ఈ వారమే పత్రిక తెరిచిన వాళ్ళకీ నాలుగు మాటలు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు రెండేళ్ళుగా చాక్లెట్ చేస్తున్నారు. గింజలు వేయించడం, పొట్టు తీయడం, చక్కెర కలిపి రాళ్ళ గ్రైండర్లో మూడు రోజులు రుబ్బడం కోడలి వంతు. రుబ్బినదాన్ని కరిగించి, సరిగ్గా చల్లార్చి, అచ్చుల్లో పోయడం అత్తగారి వంతు. కిటుకంతా ఈ చల్లార్చడంలోనే ఉంది. కుదిరితే బిళ్ళ నిగనిగలాడుతుంది, విరిస్తే 'టప్' మంటుంది. కుదరకపోతే పైన తెల్లటి చారలు తేలతాయి, వేలు తగిలితే మెత్తబడుతుంది, విరవబోతే చప్పుడు లేకుండా వంగిపోతుంది. మొదటిదాన్ని ఆ ఇంట్లో పలికే బిళ్ళ అంటారు, రెండోదాన్ని మూగ బిళ్ళ అంటారు. అత్తగారి చేతిలో రెండేళ్ళుగా ఒక్క మూగ బిళ్ళ కూడా పుట్టలేదు.

అలాంటి ఇంటికి ఒక పెద్ద హోటల్ నుంచి పన్నెండు వందల పెట్టెల ఆర్డరు వచ్చింది. అత్తగారి గిన్నెలో పట్టేది మూడు కిలోలు. ఆ గిన్నెతో పన్నెండు వందల పెట్టెలు నింపడమంటే చెంచాతో బావి తోడడమే. అందుకని ముప్పై కిలోలు పట్టే మిషను దిగింది, వారం వాడి చూసి చెప్పండన్న షరతు మీద. దాన్ని గది నడిమధ్య పెట్టి, ఫ్యాను దాని వైపు తిప్పి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి, అందరూ దాని చుట్టూ కాలు గాలిన పిల్లుల్లా తిరగడం చూసి మామగారు దానికి 'కొత్తల్లుడు' అని పేరు పెట్టారు. పేరు పెట్టిన వేళావిశేషమేమో గానీ అది వచ్చిన దగ్గర్నుంచీ అలిగి కూర్చుంది. నాలుగు రోజుల్లో నాలుగు విడతలు పోశారు, నాలుగూ మూగవే.

దానికి తోడు మిషనుతో వచ్చిన పుస్తకమొకటి. ఎవరో పుణ్యాత్ముడు తర్జుమా చేశాడు. అందులో ఒకచోట 'ఈ దశయందు విత్తనములు వేయవలెను' అని ఉంది. చాక్లెట్‌కి విత్తనాలంటే గింజలే కదా అని అత్తాకోడళ్ళు తలో గుప్పెడు వేయించిన గింజలు వేశారు. చక్రం కటకటలాడింది, కొళాయి మూసుకుపోయింది. మెకానిక్ వచ్చి పట్టకారుతో ఒక్కో గింజా బయటికి లాగుతూ, "ఇది మిషను తల్లీ, నారుమడి కాదు" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ వాక్యం అచ్చుతప్పని తేల్చుకుని కోడలు దానిమీద అడ్డంగా గీత గీసేసింది.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి హోటల్ చెఫ్ స్వయంగా వచ్చి మిషను మీద చేసిన బిళ్ళ రుచి చూస్తానంది. అది నచ్చితేనే ఆర్డరు. పొద్దున పదకొండు గంటలకు మెకానిక్ మళ్ళీ వచ్చాడు. మిషను నట్లూ బోల్టులూ అన్నీ విప్పి, చూసి, మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుంటూ ఒక మాటన్నాడు. గది ఊడుస్తున్న అత్తగారు గుమ్మంలో కొయ్యబారిపోయింది ఆ మాటకే.

"మిషన్లో ఏ లోపం లేదమ్మా. లోపం మీ చాక్లెట్లో ఉంది."

కోడలికి కోపం వస్తే అరవదు, పుస్తకం తీస్తుంది. పెళ్ళికి ముందూ తరవాతా కలిపి ఆరేళ్ళు మందుల కంపెనీ ల్యాబులో పనిచేసిన పిల్ల. కొలవనిదీ రాయనిదీ ఆమె దృష్టిలో జరగనట్టే. నల్ల అట్ట పుస్తకాన్ని మెకానిక్ ముందు బల్ల మీద తెరిచింది.

"ఇదిగోండి, రెండేళ్ళది. ఏ రోజు ఎంత గింజ, ఎంత చక్కెర, ఎన్ని డిగ్రీల దగ్గర దింపాం, అన్నీ ఉన్నాయి. మా అత్తయ్య చేత్తో చేస్తే ఒక్కటంటే ఒక్కటి పోలేదు. అదే సరుకు, అదే కొలత మీ మిషన్లో పోస్తే నాలుగుసార్లూ పోయింది. ఇంక లోపం ఎక్కడుందంటారు?"

"నాకు చాక్లెట్ తెలీదమ్మా, మిషను తెలుసు. నలభై ఆరంటే నలభై ఆరుకి వేడెక్కుతోంది. ముప్పై ఒకటంటే ముప్పై ఒకటి దగ్గర ఆగుతోంది. చక్రం తిరుగుతోంది. ఇంతకన్నా ఏం చేస్తుంది, పాట పాడుతుందా?"

"అయితే మా గిన్నెలో పుస్తకంలో లేనిదేదో పైనుంచి ఊడిపడుతోందా? మా అత్తయ్య ఇందులో రాయనిది ఆవగింజంత కూడా వెయ్యరు. కావాలంటే ఆవిణ్ణే అడగండి!"

అత్తగారు ఊడ్చేసిన మూలనే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. కిటికీ పక్కన బిళ్ళలకు రేకు కాగితం చుడుతున్న మామగారు తలెత్తలేదు. ఆయన నలభై ఏళ్ళు దర్జీగా పనిచేసి కత్తెర పక్కన పెట్టిన మనిషి. రేకు కాగితం కూడా చొక్కా కాలరు మడిచినట్టే నాలుగు వైపులా కొలిచి మడుస్తారు. ఆ పనిలో ఉన్నప్పుడు పక్కింట్లో పెళ్ళి జరిగినా ఆయనకి వినపడదు.

కోడలు కంపెనీవాళ్ళ ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కుంది. "మిషను పనికిరాదని రాసిస్తాను. వచ్చినాయన సరిగ్గా బిగించలేదని కూడా రాస్తాను."

అంతసేపూ నిటారుగా ఉన్న మెకానిక్ భుజాలు కిందికి జారాయి. "ఆ రెండో ముక్క రాయకండమ్మా. ఈ నెల్లో ఇప్పటికే నామీద ఒకటుంది. ఇంకోటి పడితే నన్ను తీసుకెళ్ళి గోడౌన్లో అట్టపెట్టెలు లెక్కపెట్టమంటారు. ఇరవై ఏళ్ళ సర్వీసు."

కోడలు పెన్ను మూత తీసింది.

ఇక్కడ అత్తగారి మనసులో ఏముందో చెప్పకపోతే మనకి న్యాయం కాదు. ఆవిడ దగ్గర ఒక రహస్యం ఉంది. రెండేళ్ళుగా ప్రతి విడతలోనూ, కరిగిన చాక్లెట్ కాస్త చల్లారగానే, నిన్నటి విరిగిన ముక్కలు ఓ గుప్పెడు అందులో పడేసి కలిపేది. మొదట్లో పారేయబుద్ధికాక వేసింది. తరవాత అలవాటైపోయింది. వేస్తే చెయ్యి సుఖంగా తిరిగేది, గిన్నెలో సరుకు గరిటెకి చక్కగా లొంగేది. తనలో తను దానికి కొసరు అని పేరు పెట్టుకుంది. కానీ కొత్త సరుకులో పాతది కలపడం కల్తీ కాక మరేమిటి? రాయనిది జరగనట్టే అనే కోడలికి ఆ మాట చెప్పే ధైర్యం మొదటి రోజున లేకపోయింది, ఆ తరవాత మరీ లేకపోయింది.

ఆమధ్య ఆర్డరు ఇవ్వడానికి వచ్చినప్పుడు చెఫ్, "పాత సరుకు కలపకూడదు, అంతా కొత్తగా చేసిందే ఉండాలి" అని గట్టిగా చెప్పింది. కోడలు సరేనని సంతకం పెట్టింది. ఆ సంతకం చూసి అత్తగారికి సిగ్గేసింది. ఈ పన్నెండు వందల పెట్టెలైనా నిజాయితీగా చేద్దామని కొసరు డబ్బాకి మూత బిగించేసింది. ఆవిడ నిజాయితీ మొదలైన రోజునే మిషను అలక కూడా మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని ఆవిడకి తోచనే లేదు, ఇందాక మెకానిక్ ఆ మాట అనేదాకా.

ఇప్పుడు చెబితే ఆర్డరు పోవచ్చు. అది పోతే పోయింది, మళ్ళీ గిన్నె ఉంది. కానీ ఉద్యోగం మానేసిన రోజున ఈ పిల్ల తన రెండు చేతులూ పట్టుకుని, "మీ చేతిని నమ్ముకుని మానేశానత్తయ్యా" అంది. ఆ నమ్మకం పోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని మెకానిక్ గోడౌన్లో అట్టపెట్టెలు లెక్కపెట్టుకుంటాడు.

"రాయకమ్మడూ," అంది అత్తగారు.

గొంతు తనదేనా అన్నట్టుంది ఆవిడకే. చీపురు గోడకి ఆనించి, వంటింట్లోకి వెళ్ళి, అటక మీంచి ఒక రేకు డబ్బా దింపి తెచ్చింది. డబ్బా మీద ఆవిడ చేత్తోనే రాసిన చీటీ అతికించి ఉంది: సబ్బు ముక్కలు. దాన్ని నల్ల అట్ట పుస్తకం పక్కన పెట్టి మూత తీసింది. లోపల చాక్లెట్ ముక్కలు.

"ఇదీ వేసేదాన్ని. ప్రతిసారీ ఓ గుప్పెడు. నిన్నటివి, మొన్నటివి, విరిగిపోయినవి. నీకు చెప్పలేదు. ఈ నాలుగు రోజులే వెయ్యలేదు. ఆయన తప్పేం లేదు. ఆ మిషను తప్పూ లేదు. తప్పంతా నాది."

అంతలో కిటికీ దగ్గర్నుంచి మామగారి గొంతు వినిపించింది.

"ఆ డబ్బా నీదా?"

అందరూ అటు తిరిగారు. మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"సబ్బని రాసుంటే నిజమే అనుకున్నాను. ఓసారి స్నానానికి సబ్బు కోసం తీస్తే ఇదీ సంగతి. అప్పట్నుంచి రోజూ భోంచేశాక రెండు ముక్కలు నోట్లో వేసుకుంటున్నాను. ఇంట్లో సబ్బు ఇంత రుచిగా ఉందేమిటని ఎవరినైనా అడుగుదామంటే భయమేసింది."

"అందుకా తరిగిపోతోంది! ఎలకలనుకుని రెండుసార్లు బోను పెట్టానండీ!"

"ఆ బోనులో పడింది నా కాలి బొటనవేలేగా. గడప తగిలిందని చెప్పాను."

మెకానిక్ మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు. కోడలు మాత్రం నవ్వలేదు. డబ్బాలోకి చూస్తూ అలాగే నిలబడింది. అత్తగారికి ఆ చూపు భరించడం కష్టమైపోయింది. పిల్ల అరిచినా బాగుండుననిపించింది.

"రెండేళ్ళు అత్తయ్యా," అంది కోడలు చివరికి. "నేను అచ్చులు కడగడానికి వెళ్ళినప్పుడా?"

"ఊఁ."

"సబ్బు వాసనొస్తున్నాయి ఇంకోసారి కడుక్కురా అని తిప్పి పంపేవారు. ఇందుకేనా?"

"ఊఁ."

"శుభ్రంగా ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ కడిగానా నేను? చేతులు పగిలిపోయేలా?"

అత్తగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొబ్బరినూనె రాసేదాన్ని కదే రోజూ," అంది. అది సమాధానం కాదని ఆవిడకి తెలుసు. "చెబుదామనే అనుకునేదాన్ని. నువ్వా పుస్తకంలో అంత ముద్దుగా రాసుకుంటుంటే నోరు రాలేదు. నా చెయ్యి మంచిదని అందరితో చెప్పేదానివి. చెయ్యి కాదమ్మా, కల్తీ అని ఎలా చెప్పను?"

కోడలు నల్ల అట్ట పుస్తకంలో పేజీలు తిప్పుతోంది. నాలుగు పేజీలు తిప్పింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ తిప్పింది. డబ్బాలో ఒక ముక్క తీసి విరిచింది. అది 'టప్' మంది. పాతది, ముక్కలైపోయింది, అయినా పలికింది. కోడలు కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఉన్నట్టుండి మిషనుతో వచ్చిన పుస్తకం అందుకుని, తను గీత కొట్టిన వాక్యం వెతికింది.

"మామయ్యా, విత్తనమంటే ఏంటి?"

"ఏంటంటే ఏం చెప్పను? వేస్తే అలాంటివే ఇంకా పుట్టించేది."

"అలాంటివే ఇంకా పుట్టించేది," అని కోడలు మెల్లగా అంది. తరవాత రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో రామ! అత్తయ్యా, ల్యాబులో నేను చేసిందదే! మందు కరిగించి చల్లారిస్తే ఒక్కోసారి పటికబెల్లంలా పలుకు కట్టదు, మురిగ్గా ముద్దయిపోతుంది. అప్పుడు సరిగ్గా కట్టిన పాత పలుకు చిటికెడు వేసేవాళ్ళం. దాన్ని చూసి మిగతాదంతా అదే వరసలో కట్టుకునేది. దాన్ని మేం విత్తనం వేయడమనేవాళ్ళం! ఆరేళ్ళు చేశాను! ఈ పుస్తకంలో ఆ మాట చూసి గింజలు తెచ్చి పోశాను! నాకంటే తెలివితక్కువది ఇంకెవరైనా ఉన్నారా?"

"అంటే కల్తీ కాదా?" అంది అత్తగారు.

"కల్తీయా? అదే అసలు పని! చాక్లెట్ చేసేవాళ్ళంతా అలాగే చేస్తారేమో. మనకే తెలీదు. మీకు తెలుసు, తెలుసని మీకు తెలీదు."

అత్తగారు కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. దొరికింది మిషను వచ్చిన చెక్కపెట్టె. రెండేళ్ళుగా గుండెల మీద మోస్తున్న రాయి, తీరా దింపి చూస్తే బంగారమంటున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి చేసింది. కోడలు పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల ఆనించింది.

"కోపం పోలేదు నాకు," అంది అలాగే ఉండి. "అచ్చుల సంగతి మరిచిపోను. ఇకనుంచి మీరే కడగాలి, నెలరోజులు."

"రెండు నెలలు కడుగుతానే."

"ఇద్దరూ ఏడవడం అయితే మిషను ఆన్ చెయ్యనా?" అన్నాడు మెకానిక్. "మధ్యాహ్నం ఇంకో చోటికి వెళ్ళాలి. వెళ్ళను. ఇది పలుకుతుందో లేదో చూడకుండా నేను కదల్ను."

కోడలు లేచింది. ఇక ఆమెని పట్టడం ఎవరి తరం? తూకం తెచ్చి అత్తగారి ముందు పెట్టి గుప్పెడు వెయ్యమంది. వేసింది. నూట యాభై రెండు గ్రాములు. ఖాళీ చేసి మళ్ళీ వెయ్యమంది. నూట యాభై ఒకటి. మూడోసారి నూట యాభై రెండు. కోడలు తూకాన్ని అటూ ఇటూ కదిపి చూసింది, బాగానే ఉంది.

"మూడు కిలోలకి గుప్పెడైతే ముప్పైకి పది గుప్పెళ్ళు కావాలి. డబ్బాలో ఎన్నున్నాయి?"

ఎంచి చూస్తే సరిగ్గా ఆరు. మిగతా నాలుగూ ఎక్కడికెళ్ళాయో తెలిసిందే గనుక అందరూ మామగారి పొట్ట వైపు చూశారు.

"ఇప్పుడు నా పొట్ట కోస్తారా ఏం? ఉన్నదాంతోనే కానివ్వండి," అన్నారాయన.

పద్దెనిమిది కిలోలే పోశారు. నలభై ఆరు దాకా కరిగించారు. చక్రం తిరుగుతుండగా ముప్పై నాలుగుకి దిగేదాకా ఆగారు. ఈ ఆగడంలో అన్నం ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఎవరికీ గుర్తులేదు. ముప్పై నాలుగు కనపడగానే కోడలు పక్కకి జరిగి, "మీరే వెయ్యాలత్తయ్యా" అంది.

అత్తగారు అలవాటు చొప్పున వీధి గుమ్మం వైపూ వంటింటి వైపూ దొంగచూపు చూసింది.

"ఎవరూ రార్లెండి, అందరం ఇక్కడే ఉన్నాం," అంది కోడలు.

మొట్టమొదటిసారిగా పట్టపగలు, నలుగురి ఎదుటా అత్తగారు కొసరు వేసింది. ఆరు గుప్పెళ్ళు, ఒకదాని తరవాత ఒకటి. చక్రం వాటిని తనలోకి లాక్కుంది. ముందు ముక్కలు తేలాయి, మెల్లగా అంచులు కరిగాయి, కాసేపటికి కనపడకుండా పోయాయి. అంతదాకా నీళ్ళలా జారుతున్న చాక్లెట్ కొంచెం కొంచెంగా చిక్కబడింది, పైన ఒక నిగారింపు తేలింది. అత్తగారు గరిటె ముంచి తీసి కింది పెదవికి ఆనించి చూసింది. ఇన్నాళ్ళూ గిన్నె దగ్గర ఆ పెదవి చెప్పిన మాటే ఇప్పుడూ చెప్పింది.

"కొత్తల్లుడి అలక తీరింది," అంది.

అచ్చుల్లో పోసి చల్లటి అలమరలో పెట్టారు. అరగంట ఆగాలి. మామగారు గోడ గడియారం ఎదుటే కుర్చీ వేసుక్కూర్చున్నారు. మెకానిక్ అలమర తలుపు తెరవబోయినప్పుడల్లా అత్తగారు చేతిమీద ఒకటి వేసింది. నాలుగు కావస్తుండగా కోడలు మొదటి అచ్చు తీసి బల్ల మీద బోర్లించింది. నాలుగు రోజులుగా కత్తి పెట్టి పెళ్ళగించాల్సి వచ్చిన బిళ్ళలు ఈసారి టపటపా రాలిపోయాయి, చిన్నచిన్న అద్దాల్లా. ఒక్క చార లేదు. కోడలు ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని విరిచింది.

టప్!

మెకానిక్ ఎగిరి గంతేశాడు. మామగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అత్తగారు మిషను దగ్గరికి వెళ్ళి, ముచ్చటపడి దాని రేకు బుగ్గ నిమిరింది. కోడలు ఆవిడ నడుం పట్టుకుని గది చుట్టూ ఒక చుట్టు తిప్పింది. వాళ్ళు అలా తిరుగుతుండగానే గుమ్మంలో చెఫ్ నిలబడి ఉంది. తలుపు తీసే ఉండడంతో కొట్టాల్సిన అవసరం రాలేదు.

"ఇలాంటప్పుడే రావాలి ఎవరింటికైనా," అంది చెఫ్.

పొడుగాటి మనిషి, మోచేతుల మీద పొయ్యి దగ్గర కాలిన పాత మచ్చలు. కూర్చోకుండానే బిళ్ళ తీసుకుంది. వెలుతురుకి పట్టుకుని చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విరిచింది, సగం నోట్లో వేసుకుంది. ఆమె నమలకుండా నాలుక మీద కరగనిస్తోంటే గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

కోడలు ఏదో చెప్పబోయింది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. పొద్దున్న ఒకసారి చెప్పిన నోటికి ఇప్పుడు భయం తగ్గింది.

"మింగేముందు ఒక మాట వినమ్మా. పాతది కలపకూడదన్నావు. ఇందులో ఉంది. విరిగిన పాత ముక్కలు ఆరు గుప్పెళ్ళు వేశాను. అది లేకుండా నాకు రాదు. ముందే చెప్పాల్సింది. మా కోడలికి తెలీదు, పొద్దున్నే చెప్పాను."

చెఫ్ మింగింది. ఆవిడ వంక విచిత్రంగా చూసింది.

"అది వెయ్యకపోతే ఇలా ఎలా కుదురుతుందమ్మా? నేను వద్దన్నది అమ్ముడుపోక కొట్టునుంచి తిరిగొచ్చిన సరుకు కరిగించి పొయ్యొద్దని. ఇది వెయ్యకుండా చేశామంటే మిమ్మల్ని అనుమానించేదాన్ని." మిగతా సగం కూడా నోట్లో వేసుకుంది. "పన్నెండు వందలూ ఇలాగే ఉండాలి. మొదలుపెట్టండి."

తరవాత ఆ గదిలో జరిగిన గోల రాయడం నా వల్ల కాదు. మెకానిక్ తన మెడలో తువ్వాలు తీసి గాల్లో తిప్పాడనీ, అది ఫ్యానుకి చుట్టుకుందనీ, దాన్ని విప్పడానికి ఆయనే పావుగంట పట్టించాడనీ మాత్రం చెబుతాను. కోడలు నల్ల అట్ట పుస్తకం తెరిచి, రెండేళ్ళుగా ఖాళీగా ఉండిపోయిన గడిలో పెద్ద అక్షరాలతో 'కొసరు, గుప్పెడు' అని రాసి, అత్తగారి చేత పక్కన సంతకం పెట్టించింది. అత్తగారికి ఆ సంతకం పెట్టినంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ మాట ఆవిడ పైకే అంది, మామగారు ఉడుక్కోలేదు.

చెఫ్ బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"మా హోటల్ వంటింట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటుందమ్మా. మా గురువుగారు ఒక గుప్పెడు చేతిలో పెట్టి పంపారు, దాంతో మొదలైంది. ఇప్పటికీ ఏ విడత పోసినా అందులో ఆయనది అణువంతైనా ఉన్నట్టే లెక్క. ఎవరో ఒకరు ఇస్తేనే కదా మొదలయ్యేది. మీకెవరిచ్చారు?"

అంతలో ఆమె ఫోను మోగింది. చెవికి ఆనించుకుని, చెయ్యి ఊపుతూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమెకి సమాధానం అక్కర్లేకపోయింది. కానీ ప్రశ్న గుమ్మం లోపలే ఉండిపోయింది.

"అవును కదా," అంది కోడలు, పుస్తకం మొదటి పేజీకి తిప్పుతూ. "మొదటి రోజు మనకి నిన్నటి ముక్కలంటూ లేవుగా. అయినా ఆ విడత పలికింది, ఇదిగో రాశాను. ఆ రోజు ఏం వేశారత్తయ్యా?"

అత్తగారి చేతిలో నీళ్ళగ్లాసు ఆగిపోయింది. రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు గనుక ఆవిడ కూడా తనని తాను అడుక్కోలేదు. బజార్లో కొన్న బిళ్ళ వేశానంటే సరిపోతుంది. కోడలు నమ్ముతుంది, వెంటనే రాసేసుకుంటుంది. కిందటి వారమైతే అలాగే అనేది కూడా. కానీ ఇవాళ నిజం చెప్పి రెండుసార్లు గట్టెక్కింది, ఇప్పుడు అబద్ధం నోటికి రావడం లేదు.

"కొన్నది కాదు. పోస్టులో వచ్చింది," అంది. "ఏటా ఒకటి వస్తుంది, పేరు లేకుండా. మిగతావన్నీ అలాగే దాచాను. ఆ రోజు మాత్రం ఒకటి విప్పి వేశాను."

"ఎవరు పంపుతారు?"

"నా చెల్లెలు. దాని చేతిరాత నాకు తెలీదా?"

కోడలు ఆ ఇంటికొచ్చి అయిదేళ్ళయింది. అత్తగారి తరపు వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళింది, ఫోటోలు చూసింది, పాత కబుర్లు బోలెడు వింది. ఎక్కడా ఆ మాట లేదు.

"మీకు చెల్లెలుందా?"

"ఇరవై రెండేళ్ళయింది మాటల్లేక. దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే నేను గుమ్మం దాటి వెళ్ళిపోతానని చెప్పి మీ మామయ్య చేత ఒట్టు పెట్టించుకున్నాను. ఆయన పాపం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా..."

కిటికీ దగ్గర రేకు కాగితం పర్రున చిరిగింది. నలభై ఏళ్ళు గుడ్డ కోసిన ఆ చేతులు కాగితం చింపడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మామగారు కళ్ళజోడు తీసి, భార్య వంక చూసి, చిన్నపిల్లాడిలా చిరిగిన ముక్కల్ని వెనక దాచుకున్నారు.

"అంటే," అన్నారాయన, "నీక్కూడా పంపుతోందా?"